ఎవరూ ఎక్కని పడవ

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. మా అత్తగారికీ మామగారికీ చివరి స్నానం చేయించిన చేతులివి. ఇద్దరిలో ఒక్కరైనా మళ్లీ వచ్చి పలకరించిన పాపాన పోలేదు.

మాది కూర్మన్నపాలెం. మా నాన్న వయసులో ఉండగా గోదావరి మీద రేవు దాటించే పడవ నడిపాడు. తర్వాత విశాఖ పోర్టులో కూలిపనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పక్షవాతంతో కుడి పక్కా, మాటా పడిపోయాక మా ముందు గదిలోనే ఆయన మంచం. గంజి పట్టడం, గుడ్డలు మార్చడం, పక్క తిప్పడం, అన్నీ నేనే. చెప్పుకోకూడదు గానీ, నడుము విరిగిపోతోంది.

మా అమ్మాయి సుజాత ఇంట్లోంచే కంప్యూటర్ ఆటల కంపెనీకి పనిచేస్తుంది. పాతకాలం ఈజిప్టు రాజుల ఆట. ఎక్కడెక్కడి వాళ్లో ఒకేసారి ఆడతారట. అందులో నైలు నది ఉంది గానీ పడవల్లేవు. ఆ పడవలు పెట్టే పని దీనికి అప్పగించారు. పెట్టింది. కానీ ఏ పడవ బయల్దేరినా నడి ఏట్లోకి వెళ్లేసరికి నీటి వాలు లాగేసి, అవతలి రేవు దాటిపోయి, కిందెక్కడో ఇసుకలో కూరుకుపోయేది. ఒకరోజు పొద్దున్నే, సాయంత్రం లోగా సరిచేసి చూపించకపోతే ఉద్యోగం ఉండదన్నారు. దాని జీతం మీదే మా తిండీ, నాన్న మందులూ.

ఆ మధ్యాహ్నం అన్నం కలిపి తీసుకెళ్లాను. పాపం, కళ్లు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఆ రాజులచేత వంతెన కట్టించెయ్యకూడదటే?" అన్నాను.

"వంతెనుంటే పడవెందుకు, పడవ లేపోతే నానెందుకమ్మా? నువ్వెల్లు."

వెళ్లబోతూ తెర వైపు చూశాను. ఈ ఒడ్డున ఒక పడవ కదిలింది. అందులో ఎవరూ లేరు. ఎదుటి రేవుకి తిన్నగా పోలేదు. ఒడ్డు వారనే ఎగువకు పోయింది. బాగా పైకి పోయి, ముక్కు తిప్పి, ఏటవాలుగా ప్రవాహంలోకి దిగింది. సరిగ్గా అవతలి రేవుకి వెళ్లి ఆనింది.

"ఏటమ్మా ఇది? నానేటీ ముట్టుకోనేదు!"

అన్నం గిన్నె అక్కడే పెట్టేశాను. చిన్నప్పుడు నాన్న పడవలో కూర్చుని నేను విసుక్కునేదాన్ని, రేవు ఎదురుగా కనబడుతుంటే పైకెందుకు పోతున్నావని. ఏరు ఎంత కిందికి లాగుతుందో అంత ముందే పైకి పోవాలనేవాడు. ఆ సంగతి నేనెప్పుడూ సుజాతకి చెప్పలేదు. దానికి ఊహ తెలిసేసరికే ఆయనకి మాట లేదు.

ముందు గదిలోకి పరిగెత్తాను. నాన్న నిద్రలో ఉన్నాడు. ఏళ్ల తరబడి కదలని కుడి చెయ్యి గుండె మీదికొచ్చి, పడవ గడ పట్టుకున్నట్టు గుప్పిట బిగిసి ఉంది. విప్పబోతే రాలేదు.

"అమ్మా, పడవ ఈ ఒడ్డుకి తిరిగొచ్చేసింది!" అని లోపల్నుంచి సుజాత అరిచింది. నా చేతిలోనే ఆ గుప్పిట వదులైంది.

మిగతా పడవలన్నిటికీ సుజాత ఆ దారే నేర్పింది. ఉద్యోగం నిలిచింది. ఆ ఖాళీ పడవ ఎవరు పెట్టారో మాత్రం ఎంత వెతికినా దానికి దొరకలేదు. తీసేద్దామన్నా రావడం లేదట. నాన్న చెయ్యి సంగతి చెబితే, నరాలు అప్పుడప్పుడూ అలా బిగుస్తాయన్నాడు డాక్టరు. అయుండొచ్చు. మరి పడవ మాటేమిటి? నాకైతే ఇప్పటికీ తెలీదు.

రోజూ నాన్నకి ఒళ్లు తుడిచి, పక్క మార్చి, నడుం వాల్చేముందు సుజాత గది గుమ్మం దగ్గర ఆగుతాను. పడవ అవతలి ఒడ్డుకి పోయిందా అని నేను అడగను. తెర మీంచి కళ్లు తిప్పకుండా తనే చెబుతుంది.

"ఈ ఒడ్డునే ఉందమ్మా. ఎల్లి తొంగో."