ఉప్పునీళ్ళలో తివాచీ

మా పాప ఇంకా బడికి పోని రోజుల్లో ఒక సాయంత్రం దాని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి లాగినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోయేది. ఆ గుంటల్ని చూస్తూ కూర్చోవడమంత భయంకరమైన పని నాకు జీవితంలో ఇంకొకటి ఎదురుకాలేదు. అప్పటికప్పుడు గూడూరు తీసుకుపోయాం. పిల్లల డాక్టరు మందు పీల్పించాడు. ఊపిరి కుదుటపడ్డాక, ఇంట్లో ఏమేం ఉన్నాయని అడగడం మొదలుపెట్టాడు. కుక్కలు, పిల్లులు లేవన్నాం. పొగ లేదన్నాం. దుమ్ము పట్టే దుప్పట్లు, పరుపులు ఉన్నాయా అంటే నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "మా అమ్మ తివాచీ ఒకటుండాది సార్" అన్నాడు.

మామగారు మిలిటరీలో ఉన్నప్పుడు ఏదో చలి ప్రాంతం నుంచి మోసుకొచ్చిన ఉన్ని తివాచీ అది. మాది చిల్లకూరు అవతల, సముద్రం వైపు ఊరు. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారే చోట మందపాటి ఎర్ర ఉన్ని తివాచీ ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. పెళ్ళయి కావలి నుంచి వచ్చిన కొత్తలో దాన్ని చూసి నవ్వుకున్నాను కూడా. మామగారు పోయాక అత్తయ్యకు అదే లోకమైంది. తెల్లవారుతూనే దానిమీద మోకరించి ప్రార్థన చేసుకునేది. మధ్యాహ్నం దానిమీదే నడుము వాల్చేది. పాపకు నడక వచ్చినప్పటి నుంచీ నాయనమ్మ పక్కన ఆ తివాచీ మీదే నిద్ర.

శుభ్రం చేసుకోండి, లేదంటే తీసేయండి అని డాక్టరు తేల్చి చెప్పాడు. ఘాటు వాసనలొచ్చే షాంపూలు, స్ప్రేలు మాత్రం వాడొద్దన్నాడు. వాటికి కూడా ఆయాసం ఎగదన్నుతుందట.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తయ్య ముఖం మాడిపోయింది. "తీసేస్తే నేను యాడ మోకరించేది? పిల్ల యాడ పండుకునేది?" అంది. నాకు ఒళ్ళు మండింది. పిల్ల ఊపిరి కన్నా ఉన్నిగుడ్డ ఎక్కువైందా అని అనబోయి, మా ఆయన ముఖం చూసి మింగేశాను.

మా అక్క కావలిలో ఉంటుంది. ప్రతిదానికీ ఏదో ఒక చిట్కా చెప్పే మనిషి. ఫోను చేస్తే గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చింది. "ముందు బయటేసి బాగా దులుపు. ఎర్రది గదా, రంగు పోకుండా కాసేపు ఉప్పునీళ్ళల్లో పెట్టు. తర్వాత కుంకుడు నురగతో మెల్లగా రుద్దు. వేడినీళ్ళు తగలనీబాక, ఉన్ని ముడుచుకపోతాది. పిండబాక, పరిచి ఆరబెట్టు."

మరునాడు పాపను పక్కింటికి పంపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తివాచీని పెరట్లో తీగ మీద వేసి కర్రతో కొట్టాను. కొట్టిన ప్రతిసారీ బూడిదరంగు దుమ్ము లేచి నా ముఖం మీదికి వచ్చేది. ఇదంతా నా బిడ్డ గుండెల్లోకి పోయిందే అనుకుంటూ ఇంకా గట్టిగా కొట్టాను.

తర్వాత, "ఉప్పునీళ్ళల్లో పెట్టాలంట అత్తయ్యా" అని చెప్పి కుంకుడుకాయలు కొట్టడానికి కూర్చున్నాను. అత్తయ్య తొట్టి నింపి తివాచీ ముంచింది. "ఉప్పునీళ్ళేనా?" అని వంటింట్లోంచి అడిగాను. "ఉప్పునీళ్ళే" అంది. ఎంత రుద్దినా నురగ సరిగా రాలేదు. కాయలు పాతబడ్డాయనుకుని ఇంకో గుప్పెడు కొట్టాను. జాడించేటప్పుడు కూడా అత్తయ్యే బిందెలతో నీళ్ళు అందించింది. నులకమంచం మీద పరిచేసరికి తివాచీ ఎరుపు తేటపడి ముచ్చటగా కనిపించింది. ఆ పూట భయం కొంచెం తగ్గింది.

కానీ అది ఆరలేదు. పగలంతా ఎండలో ఉండి పొడిబారినట్టే కనిపించేది, సముద్రం మీది గాలి తిరగగానే చేతికి చెమ్మ తగిలేది. రోజులు గడిచినా అదే వరస. ఒకనాడు తిరగేసి చూస్తే అడుగున నల్లటి చుక్కలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి గోనెసంచి వాసన. బూజు పట్టింది! దుమ్ము వదిలించబోయి అంతకన్నా పెద్ద ముప్పును ఇంట్లో పెంచుతున్నాను. పాపను ఆ వైపుకు పోనివ్వకుండా కాపలా కాశాను. అయినా నేను బట్టలు తీస్తున్న కాసేపట్లో అది పోయి నాయనమ్మ పడక అనుకుని దానిమీద బోర్లా పడుకుంది. సాయంత్రానికి మళ్ళీ పిల్లికూతలు.

గొట్టం పెట్టి మందు పీల్పించాను. ఊపిరి నెమ్మదించేదాకా పాప నా మెడ పట్టుకుని వదల్లేదు. అది తేరుకున్నాక నా కోపానికి అడ్డూ ఆపూ లేకపోయింది. "ఆ దరిద్రాన్ని ఇప్పుడే దిబ్బలో పారేస్తా!" అని పెరట్లోకి ఉరికాను.

నా వెనకే వచ్చిన అత్తయ్య తివాచీని వేలితో గట్టిగా రుద్ది, ఆ వేలు నాలుకకు తాకించుకుంది. "ఉప్పగా ఉండాదే. ఉప్పుంటే చెమ్మ లాగతానే ఉంటాది, ఇంకెట్టా ఆరతాది?" అంది.

"ఉప్పెక్కడ్నుంచి వచ్చింది?"

"బోరునీళ్ళు ఉప్పుగాక తియ్యగా ఉంటాయా?"

"బోరునీళ్ళల్లో ఎవరు పెట్టమన్నారు?"

"నువ్వే గదమ్మే, ఉప్పునీళ్ళల్లో పెట్టమనింది!"

రొయ్యల గుంటలు వచ్చినప్పటి నుంచీ మా ఊరి బోర్లన్నీ ఉప్పెక్కిపోయాయి. ఇక్కడ మంచినీళ్ళంటే రోజు విడిచి రోజు వచ్చే కొళాయి నీళ్ళు, ఉప్పునీళ్ళంటే బోరునీళ్ళు. గిన్నెలు తోమేది వాటితోనే, స్నానాలు వాటితోనే. రోజూ నా నోట వచ్చే మాటే అది. అక్క ఫోనులో చెప్పినప్పుడు మాత్రం నేను కావలి చెవులతో విని, ఉప్పు కలిపిన నీళ్ళనుకున్నాను. మళ్ళీ అక్కను అడిగితే, "మంచినీళ్ళల్లో పిడికెడు ఉప్పెయ్యమన్నా, సముద్రంలో ముంచమన్నానా?" అని కసిరింది. మా ఆయన పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒక్క మాట అటూ ఇటూ అయినందుకు బిడ్డ ఊపిరి మీదికి వచ్చింది.

పారేద్దామనే అన్నాను. ఒక్కసారి, ఒక్కసారే మంచినీళ్ళతో చూద్దామని అత్తయ్య బతిమాలింది. కొళాయి వచ్చిన పొద్దున బిందెలు, బకెట్లు, అన్నం గిన్నెలతో సహా నింపిపెట్టాం. బూజు పట్టిన అడుగుభాగాన్ని నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడిచాను. ఈసారి కుంకుడు నురగ పాలపొంగులా లేచింది. కారిన నీళ్ళను అత్తయ్య మాటిమాటికీ నాలుకమీద వేసుకుని, చప్పబడేదాకా జాడించమంటూనే ఉంది. పాత తువ్వాళ్ళు పరిచి అదిమి తడి తీశాం. ఎండాకాలపు పడమటి గాలి పొద్దున్నుంచే వీస్తోంది. అది అందరి ప్రాణాలూ తోడేస్తుందని తిట్టుకునే నేను ఆరోజు దానికి దణ్ణం పెట్టుకున్నాను. సముద్రం గాలి తిరిగేలోపు తివాచీ పెళపెళలాడుతూ ఆరింది. వెంటనే లోపలికి తెచ్చేశాం. నల్లచుక్కలు లేవు, వాసన లేదు.

అయినా పాపను దానిమీదికి పోనివ్వాలంటే నాకు ధైర్యం చాలలేదు. చిత్రంగా అత్తయ్యే పోనివ్వలేదు. మధ్యాహ్నాలు పాపను నా దగ్గరికి తోలి, తను ఒక్కతే తివాచీ మీద, ముఖం ఉన్నికి ఆనించి బోర్లా పడుకునేది. కొన్నాళ్ళు ఇదే తంతు. నా తివాచీ నాకు దక్కిందని మురిసిపోతోంది కాబోలనుకున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం లేచి కూర్చుని, "ఇంక పిల్లని పంపు, ఏం గాదు" అంది.

"ఏం కాదని మీకెట్లా తెలుసు?" అన్నాను కటువుగా. "మీకేమన్నా ఉబ్బసమా తెలియడానికి?"

"ఉండాది" అంది అత్తయ్య. "చిన్నప్పట్నుంచీ. బూజు తగిలితే చాలు, నాకు ఎగదన్నతాది. ఇన్నాళ్ళు దీనిమీద మొగం పెట్టి పండుకున్నా రాలా. అదిగో, ఆ పిల్లకొచ్చింది నా దగ్గర్నుంచే."

పెళ్ళయినప్పటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాం. తెల్లవారుజామున ఆవిడ దగ్గుతుంటే చలిగాలికేమో అనుకున్నాను. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పుంటే పిల్లని నా పక్కన పండనిచ్చేదానివా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేదు" అన్నాను. అత్తయ్య తలూపింది. ఈలోగా పాప నన్ను దాటుకుని పరుగెత్తి, ఎప్పటిలాగే నాయనమ్మ కడుపులోకి ముడుచుకుని పడుకుంది. దాన్ని లాగేద్దామని చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. గోడకానుకుని, వాళ్ళిద్దరూ నిద్రపోయి లేచేదాకా ఇద్దరి ఊపిరీ వింటూ కూర్చున్నాను.