చూపించిన డబ్బు

2025 ఫిబ్రవరి 11, మంగళవారం. ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. మైనస్ పంతొమ్మిది డిగ్రీలు, సన్నగా మంచు. టొరంటో శివారు ఎటోబికోలో, బస్సులో నేను ఫోనులో మాట్లాడడం విని, పక్క సీటులోని అమ్మాయి "తెలుగా అంకుల్?" అని పలకరించింది. నేను దిగే స్టాపు దగ్గరి కాలేజీలోనే రెండో సెమిస్టరట. ఫీజు కట్టడానికి అదే ఆఖరి రోజు.

"ప్రభుత్వ సాయమేదీ రాదా అమ్మా?" అని అడిగాను.

"లోన్లు, గ్రాంట్లు ఇక్కడివాళ్లకే అంకుల్. మాకు కాలేజీవాళ్ల ఎమర్జెన్సీ బర్సరీ, అంటే చేతిలో డబ్బు లేనివాళ్లకిచ్చే సాయం, ఒక్కటే. అప్లై చేశా, రిజెక్ట్ చేశారు."

"కారణం?"

"నేను బాగా డబ్బున్నదాన్నట!" అని నవ్వింది. "వీసాకి చూపించిన ఇరవై లక్షలు ఏవీ అన్నారు. అవి కన్సల్టెన్సీవాళ్లు నెల రోజులకని నా అకౌంట్లో వేసి, మళ్లీ తీసేసుకున్నవి. ఆ మాట చెబితే వీసాకే ఎసరు."

అప్పటిదాకా బ్యాంకు పత్రాన్ని మించిన రుజువు లేదని నమ్మేవాణ్ణి.

కాలేజీకి రెండు స్టాపుల ముందే, గోదాముల దగ్గర ఆమె లేచింది.

"కాలేజీ ఇంకా ముందుంది కదమ్మా!"

"షిఫ్టుంది అంకుల్" అంటూ, మెడలోని కాలేజీ కార్డు తీసి జేబులో వేసుకుని దిగిపోయింది.

కాలేజీ స్టాపులో ఆమెతో కలిపి పన్నెండు మందిమి దిగవలసింది. పదకొండు మందిమే దిగాము.