తాటిచెట్టంత అల

మా తెలుగు మాస్టారు మొన్న లంజిపల్లిలో, కూతురి ఇంట్లో పోయారు. ఆ అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది. సంతాపసభ పెడుతున్నవాళ్లు నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. మంచి మాటలున్నాయి, రాస్తాను. మిగతావీ రాస్తాను.

బరంపురంలో కిరాణా వర్తకుల ఇంట పుట్టి, దుకాణం తమ్ముళ్లకు వదిలేసి బడికి వచ్చిన మనిషి ఆయన. పుస్తకం అరువిస్తే అట్ట వేసి మరీ ఇచ్చేవారు. తిరిగిచ్చేటప్పుడు అందులో ఏది నచ్చలేదో అడిగేవారు. నేను ఇన్ని పుస్తకాలు చదివానంటే ఆయన చలవే. అతిశయోక్తి మాత్రం ఆయనకు గిట్టదు. "ఉప్పు కుప్ప సూడ్డానికి బాగుంటాది. హుమ్మ ఉప్పుమళ్లకెల్లి పిడికెడు నోట్లో ఏసుకుని రా" అనేవారు.

మా అయ్య సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. పదహారేళ్లప్పుడు ఆ సంగతి రాసి మాస్టారికి చూపించాను. 'తాటిచెట్టంత అల లేచింది' అన్న వాక్యాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు.

"కొలిసేవేట్రా?" అన్నారు. క్లాసంతా నవ్వింది.

కొలిచాం. మావాళ్లు సముద్రంలో ఉన్నప్పుడు ఒడ్డున ఉన్న తాటిచెట్టే వాళ్లకు గురుతు. పడవలోంచి చూస్తుంటే అల లేచి ఆ చెట్టును మొవ్వుదాకా కప్పేస్తే, దాన్ని తాటిచెట్టంత అల అంటారు. అయ్యతో అదే పడవలో వెళ్లి బతికొచ్చిన మా చిన్నాన్న అమ్మకు చెప్పిన మాట అది. వర్తకుల బిడ్డకు తెలియకపోవచ్చు. తెలిసిన నేను నోరు మెదపలేదు. ఆ తర్వాత నలభై ఏళ్లు, రాసిన ప్రతి కథలోనూ ఆయన పెన్సిలు నేనే పట్టుకుని నా మాటలు నేనే కొట్టేసుకున్నాను.

రిటైరయ్యాక ఆయన అలంకారాల మీద పుస్తకం వేశారు. అందులో అతిశయోక్తికి ఉదాహరణ 'తాటిచెట్టంత అల లేచింది.' దాని కింద 'స్వీయ రచన' అని ఉంది. ఆవిష్కరణ సభలో ఆ వాక్యం చదివితే చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆయన ఉంటున్న హల్దియాపదర్ ఇంటికి వెళ్లి, ఆ పేజీ తెరిచి ముందు పెట్టాను.

"నువ్వొగ్గీసిందే గదరా" అన్నారు, వదిలేసింది తీసుకుంటే తప్పేంటన్నట్టు, నాకు టీ ఇమ్మని లోపలికి కేకేస్తూ.

ఏడేళ్లు ఆయన గడప తొక్కలేదు. మంచాన పడ్డారని తెలిసి పోయిన నెల లంజిపల్లి వెళ్లాను. పరామర్శకు వెళ్లానని అబద్ధం చెప్పను. చెట్టు సంగతి చెప్పడానికే వెళ్లాను. మంచం పక్కన కూర్చుని చిన్నాన్న చెప్పినదంతా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"అది అలంకారం కాదు మాస్టారూ. మా అయ్యని తీసుకెల్లిపోయిన అల."

ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇన్నాళ్లకు గెలిచాననుకున్నాను. ఆయన కూతురి వైపు తిరిగారు.

"సూసేవా అమ్మా, ఎంత బాగా పెంచి సెప్పేడో. నా దగ్గర నేర్సుకున్నోడు."

చెయ్యి చాచి నా తల మీద పెట్టారు. ఆ చేతికి బరువే లేదు. ఆయన అది తీసేదాకా నేను తల ఎత్తలేదు.