గెలిస్తే కొర్రమట్ట

శామీర్‌పేట మైసయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే గుణం అసలే లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. ఈ భూమ్మీద ఎక్కడ ఏ తప్పు జరిగినా దానికి కారణం దక్కన్ చీతాస్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ అని ఆయన నమ్మకం. బస్సు రాకపోతే కోచ్, పప్పు మాడితే కోచ్. వాన ఎక్కువ పడితే కోచ్, తక్కువ పడినా ఆయనే. ఒకసారి భార్య ఐలమ్మకు పన్ను నొప్పి లేచింది. మైసయ్య ఆమె నోట్లోకి తొంగి చూసి, "పీకాల్సినోన్ని పీకరు, పీకద్దన్నోన్ని పీకుతరు. లోకమే గట్లుందే," అన్నాడు. అది తన పన్ను గురించి కాదని, నిన్నటి మ్యాచ్‌లో బయటికి పిలిచేసిన స్ట్రైకర్ గురించని ఐలమ్మకు అర్థమయ్యేసరికి నొప్పి తలదాకా ఎక్కింది.

చెరువులో చేపలు పట్టుకునే మనిషికి ఈ బంతాట ఎక్కడ తగులుకుందంటే, తప్పు మైసయ్యది కాదు. కోచ్‌దీ కాదు గానీ, ఆ మాట ఆయన ముందు అనకూడదు. చీతాస్ వాళ్ళు చెరువుకు దగ్గర్లో ఒక మైదానం అద్దెకు తీసుకుని, పక్కనే క్యాంపు పెట్టుకుని సాధన మొదలుపెట్టారు. ఒకరోజు అన్వేష్ అనే స్ట్రైకర్ గోల్‌కు గురిచూసి కొట్టిన బంతి గోల్‌ను తప్పి, కంచెను దాటి, చెరువులో పడింది. జట్టు భవిష్యత్తు అప్పుడే తెలిసిపోవాల్సింది. తెప్ప మీదున్న మైసయ్య ఆ బంతిని తీసి ఒడ్డుకు విసిరాడు. "థ్యాంక్యూ అంకుల్!" అన్నాడు అన్వేష్. అంతే, ఆ క్షణం నుంచి జట్టు మైసయ్యది. జట్టు తనదైనాక ఓటములు కూడా తనవే కదా. అవి చీతాస్ దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

మ్యాచ్ ఉన్న రోజు కొడుకు సన్నీ ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టేవాడు. సన్నీకి గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో పని. ఆట చూడాలని వాడికి ఆశ ఉండేది గానీ, తండ్రి పక్కన కూర్చుంటే ఆట కనపడదు, కోచే కనపడతాడు.

"జూడే, బంతి యాడికి వోతాందో జూడు!"

"నాకేం ఎరుక? నేను చింతపండు పిసుకుతున్న," అనేది ఐలమ్మ.

"ఎనకకు! మల్ల ఎనకకే! ముందట గోల్ ఉంది, గోల్ కాడ మనోడున్నడు. గీ కోచేమో ఎనకున్న కీపర్‌కు ఇయ్యమంటడు. చెరువు ముందట వెట్టుకొని గట్టు మీదికి వల ఇసిరినట్టు!"

"గట్టు మీద ఏం వడ్తయ్?"

"తుమ్మముండ్లు వడ్తయ్!"

ఆ కోచ్ పేరు ఫణిభూషణ్. బట్టతల, మెడలో విజిల్. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ చేతులు కట్టుకుని గీత పక్కన నిలబడతాడు, ఎవరో పోయిన ఇంటికి పరామర్శకు వచ్చినట్టు. ఆయనది ఏ ఊరో మైసయ్య ఎన్నడూ అడగలేదు. తిట్టడానికి ఊరుతో పనేముంది?

అయితే మైసయ్య తిట్టి ఊరుకునే రకం కాదు. క్యాంపులో వంట చేసే దుర్గాబాయి ఆయన దగ్గరే చేపలు తీసుకునేది. ఆటగాళ్ళకు మంచి బొచ్చె చేపలు, ముళ్ళు తక్కువున్నవి, దగ్గరుండి ఏరి ఇచ్చేవాడు. ఓడిన మర్నాడు మాత్రం వాటితోపాటు ఒక సంచి వేరుగా కట్టేవాడు. అందులో పరకలు. వేలెడంత చేప, ఒళ్ళంతా ముళ్ళు. చెరువు ఒడ్డున పుట్టిన పిల్లలు కూడా వాటిని భయపడుతూనే తింటారు.

"గిది కోచ్ సార్‌కు స్పెషల్," అని సంచి అందించేవాడు.

"గిన్ని ముండ్లేందన్నా?" అంది దుర్గాబాయి మొదటిసారి.

"ముండ్లు ఏరుకుంట కూసుంటే గంట వడ్తది. గా గంటన్న నోరు మూసుకొనుంటడు. పిలగాండ్లకు తప్పు సెప్పకుంట ఉంటడు."

చీతాస్ సీజనంతా ఓడారు గనక కోచ్ సీజనంతా పరకలు తిన్నాడు. దుర్గాబాయి వచ్చినప్పుడల్లా మైసయ్య ఆత్రంగా అడిగేవాడు.

"తిన్నడా?"

"సాఫ్ చేసిండన్నా. ముల్లు ముల్లు ఏరి పెట్టిండు."

"ఎంతసేపు తిన్నడు?"

"మస్తు సేపు," అని ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. మైసయ్య మీసం దువ్వుకునేవాడు. జట్టులో ఇంకెవరూ చెయ్యలేని పని, అంటే కోచ్‌ను కట్టడి చెయ్యడం, తానొక్కడే చేస్తున్నానని ఆయనకు లోపల గర్వం.

ఇక ఐలమ్మ అసలు బాధ డ్రమ్ము. ఇంటి ముందు నీళ్ళు పట్టుకునే నీలం డ్రమ్ము ఒకటుంది. సీజన్ మొదట్లో మైసయ్య వలలో ఒక కొర్రమట్ట పడింది. నల్లగా నిగనిగలాడుతూ, ముంజేయంత ఉంది. దాన్ని బతికుండగానే డ్రమ్ములో వేసి, పైన వలముక్క కప్పి, ఎగిరిపోకుండా బండరాయి పెట్టాడు.

"ఎవ్వలకయ్యా గిది?"

"కోచ్‌కు. గెలిచిన్నాడు పులుసు వెట్టి ఇస్త."

గెలుపు రాలేదు, కొర్రమట్ట డ్రమ్ము దిగలేదు. ఐలమ్మ బిందెలు పట్టుకుని పక్కింటి నల్లా దగ్గర నిలబడాల్సి వచ్చింది. ఆ చేపకు రోజూ మేత కావాలి. మేత ఏమిటంటే, పరకలే. కోచ్‌కూ అవే, కొర్రమట్టకూ అవే. "ఇద్దరు తినుడే గని, ఒక్కలన్న పనికస్తుండ్రా?" అనేది ఐలమ్మ.

వాళ్ళ ఇల్లు రోడ్డు పక్కనే. ఐలమ్మ ఇంటి ముందే చేపలు పెట్టి అమ్మేది. తుర్కపల్లి ల్యాబుల క్యాబులు సాయంత్రం అక్కడ ఆగేవి. ఒకరోజు కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కున్న బుల్లిబాబు అనే ఉద్యోగి క్యాబు దిగి, డ్రమ్ములోకి వంగి చూశాడు.

"ఏమండీ, ఈ కొర్రమీను ఇచ్చెయ్యండి. మా మామగారు దిగారు. ఎంతైనా పర్లేదు."

"గది అమ్మేది గాదు సార్. చీతాస్ కోచ్‌ది. మ్యాచ్ గెలిచిన్నాడు ఇచ్చేది," అన్నాడు మైసయ్య.

బుల్లిబాబు కూడా ఆ మ్యాచ్‌లు చూసి చెడినవాడే. చేపవైపు జాలిగా చూశాడు. "అయితే దీని ఆయుష్షుకి ఢోకా లేదండి. ముసలిదై పోవాల్సిందే గానీ, కూరైతే అవ్వదు."

క్యాబులో వాళ్ళు, కొనడానికి వచ్చినవాళ్ళు, ఐలమ్మ, అందరూ విరగబడి నవ్వారు. మైసయ్య మాత్రం నవ్వలేదు. "గాయన్ని తిట్టెటందుకు నేనున్న గద సార్, నడుమ మీరెందుకు?" అని ముఖం ముడుచుకుని, డ్రమ్ములో నీళ్ళు మార్చడానికి బకెట్టు తీసుకున్నాడు. ఆ రోజే ఐలమ్మకు కొద్దిగా అనుమానం వచ్చింది. నిజంగా ఆశ వదిలేసినవాడైతే ఆ చేపను మొదటి వారంలోనే అమ్ముకునేవాడు.

సీజన్ చివరి మ్యాచ్ వచ్చింది. గెలిస్తే కోచ్ ఉంటాడు, లేకపోతే ఇంటికే అని క్లబ్బు వాళ్ళు ముందే చెప్పేశారు. కోచ్‌ను పీకండని ఏడాది పొడుగునా గోల పెట్టిన మైసయ్య ఆ రోజు పొద్దున్నుంచి కోచ్ పేరే ఎత్తలేదు. డ్రమ్ములో నీళ్ళు మార్చి, కాసేపాగి మళ్ళీ మార్చాడు.

"అల్లం ఎల్లిగడ్డ నూరి పెట్టు," అన్నాడు ఐలమ్మతో.

"దేనికి?"

"దేనికో దానికి. నూరితే పాడైతదా ఏంది?"

మొదటి సగంలోనే అద్భుతం జరిగింది. అన్వేష్ కొట్టిన బంతి చెరువు వైపు పోకుండా గోల్‌లోకి పోయింది. సన్నీ ఎగిరి గంతేశాడు. మైసయ్య లేచి వెళ్ళి, డ్రమ్ము మీది బండరాయి తీసి కింద పెట్టి వచ్చాడు.

ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా కోచ్ అన్వేష్‌ను బయటికి పిలిచి, వాడి బదులు ఇంకో డిఫెండర్‌ను దింపాడు. జట్టంతా వెళ్ళి సొంత గోల్ ముందు గుంపుగా నిలబడింది.

"వద్దు సార్, వద్దు. ఎనకకు పోవద్దు. బతిమాల్తున్న!" అన్నాడు మైసయ్య ఫోన్‌కు రెండు చేతులు జోడించి.

గుంపులో ఎవడి కాలికో తగిలి బంతి సొంత గోల్‌లోనే పడింది. ఆ కంగారు తగ్గకముందే అవతలివాళ్ళు ఇంకోటి వేశారు. విజిల్ మోగింది. మైసయ్య బయటికి వెళ్ళి, బండరాయిని మళ్ళీ డ్రమ్ము మీద పెట్టాడు.

"ఇగ ఖుషీయేనా బాపూ? రేపటికెల్లి కోచ్ ఉండడు," అన్నాడు సన్నీ.

"ఫోను దియ్యిరా," అన్నాడు మైసయ్య. నూరిన ముద్ద గిన్నెలో పెట్టుకుని ఐలమ్మ అలాగే నిలబడింది. మొగుడు తిట్టనందుకు ఆమెకు మొదటిసారి బెంగ పట్టుకుంది.

అలవాటు చొప్పున మర్నాడు పొద్దున్నే పరకల సంచి క్యాంపుకు పోయింది. కాసేపటికి ఇంటి ముందు కారు ఆగింది. ముందు దుర్గాబాయి దిగింది, వెనక నుంచి బట్టతల దిగింది. మైసయ్య వల బాగుచేస్తున్నవాడు, ఆ వలనే కప్పుకునేట్టున్నాడు.

"లడాయికి వచ్చిండే. ముండ్ల ముచ్చట దెలిసింది," అన్నాడు గుసగుసగా.

"మంచిగైంది. పో. ఫోను ముందట గంత మాట్లాడితివి గద, ఎదురుంగ మాట్లాడు," అని ఐలమ్మ వెనక నుంచి నెట్టింది.

ఫణిభూషణ్ నేరుగా వచ్చి మైసయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. హిందీలో మాట్లాడాడు. ఆ హిందీ గుండ్రంగా, నోట్లో రసగుల్లా పెట్టుకుని మాట్లాడినట్టు ఉంది.

"మధ్యాహ్నం విమానం. మీకు చెప్పకుండా పోలేకపోయాను. మాది బెంగాల్. మీరు పంపే ఈ చిన్న చేపంటే మాకు ప్రాణం. మా అమ్మ ఆవాలు నూరి వండేది. ఓడినప్పుడల్లా ఓనరు ఫోనెత్తడు, కుర్రాళ్ళు ముఖం చూడరు. భోజనానికి కూర్చుంటే మాత్రం ప్లేటులో ఈ చేప ఉంటుంది. ఓడినవాడికి ఏం పెట్టాలో తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కడున్నాడు అనుకునేవాణ్ణి. ఆ ఒక్కడి కోసమే ఇన్నాళ్ళు పారిపోకుండా ఉన్నాను."

మైసయ్య నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఒడ్డున పడ్డ చేపలు అలాగే చేస్తాయి. దుర్గాబాయి వైపు చూస్తే, ఆమె ఆకాశం వైపు చూస్తోంది.

"నీకు ముందే ఎరుకనా?" అన్నాడు తెలుగులో, పళ్ళ మధ్య నుంచి.

"మొదటి దినమే. సెప్తే నువ్వు బంద్ వెడ్తవు. పాపం, గాయన ఏం తింటడు?"

ఇక ఇప్పుడు మాట ఐలమ్మ చేతిలో ఉంది. ఒక్క మాటంటే చాలు, ఏడాది నల్లా దగ్గర నిలబడ్డ కసి తీరిపోతుంది. ఆమె కొంగు సర్దుకుని, తనకొచ్చిన హిందీలో చెప్పింది. "అవు సార్. మా ఆయనకు పొద్దున లేస్తే మీ పేరే. పండుకున్నా మీ పేరే." అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

మైసయ్య వెళ్ళి డ్రమ్ము మీది బండరాయి ఎత్తి పక్కన పడేశాడు. "అల్లం ఎల్లిగడ్డ ఉందానే?" అన్నాడు. ఉంది. నిన్న నూరినదే ఉంది.

పులుసు ఉడికింది. ఫణిభూషణ్ చాప మీద కూర్చుని, చేత్తో కలుపుకుని, కళ్ళు మూసుకుని తింటున్నాడు. మైసయ్య చూసి చూసి ఉండబట్టలేకపోయాడు. ఏడాదిగా ఫోన్‌ను అడుగుతున్న ప్రశ్నను తనకొచ్చిన హిందీలో మనిషినే అడిగాడు.

"సార్, నిన్న అన్వేష్‌ను ఎందుకు దీసినవ్?"

ఐలమ్మ గరిటె ఆగింది. కోచ్ చెయ్యి కూడా ఆగింది.

"భయపడ్డాను. గెలుపు చేతిలో పడితే ఎలా పట్టుకోవాలో మర్చిపోయినట్టున్నాను. తప్పు నాదే."

దీనికి వెయ్యి జవాబులు తయారుగా పెట్టుకున్న మైసయ్య గిన్నెలోంచి చేప తలకాయ తీసి ఆయన ప్లేటులో వేశాడు. "భయం ఎవ్వలకుండది సార్. తినుండ్రి," అన్నాడు.

"ఇది గెలిస్తే పెట్టే చేప అట కదా, దుర్గాబాయి చెప్పింది. నేను గెలవలేదే."

"యాడాది పొడుగుత పరకలు తిన్నవు. ఒక్క ముల్లన్న గొంతుల ఇరికిందా?"

"లేదు."

"ఇగ గెలిచినట్టే. నేనే ఓడిపోయిన సార్," అన్నాడు మైసయ్య. ఫణిభూషణ్‌కు అర్థం కాలేదు. ఐలమ్మ నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగింది.

కొన్నాళ్ళకు కొత్త కోచ్ వచ్చాడు. సన్నీ ఫోన్‌లో ఫోటో చూపించగానే మైసయ్య మొహం చిట్లించాడు. "మొఖం జూస్తెనే ఎరుకైతాంది. గీన గూడ ఎనక పాసులోడే!"

ఐలమ్మ మాత్రం హాయిగా డ్రమ్ము తోమి, నిండా నీళ్ళు పట్టుకుంది. ఆ సుఖం వారం కూడా నిలవలేదు. ఒక పొద్దున బిందె ముంచబోతే నీళ్ళు ఎగిరి ముఖాన పడ్డాయి. లోపల చూస్తే నల్లగా, నిగనిగలాడుతూ, ఇంకో కొర్రమట్ట. మైసయ్య గుమ్మం పక్కన వల మీదికి వంగి, చూడనట్టు ఏదో పని చేసుకుంటున్నాడు.

ఐలమ్మ వలముక్క తెచ్చి కప్పి, బండరాయి తానే ఎత్తి పైన పెట్టింది.

"ఓ సన్నీ బాపూ! ఈసారి పరకలు పంపేముందుగాల, గాయనది ఏ ఊరో అడుగు!"