మా హాలు కింది చెరువు

ఈ సాయంత్రం వాన కాస్త గట్టిగా పట్టేసరికి మా అపార్ట్‌మెంట్ గేటు దాటి ఎర్రనీళ్లు మెట్ల దాకా వచ్చాయి. మాది కింది అంతస్తు. నేను బాబును చంకనేసుకుని బియ్యం డబ్బా మంచమెక్కించి ప్లగ్గులు పీకుతుంటే, మమ్మల్ని చూసిపోదామని వచ్చిన అమ్మ పసుపూ కుంకుమా పళ్లెంలో పెట్టుకుని మెట్ల మీదికి నడిచింది. నాకు ఒళ్లు మండింది. ఇల్లు మునుగుతుంటే పూజలేమిటని అరిచాను.

"గమ్మునుండుమే. గంగమ్మ వాకిట్లోకొచ్చినాక బొట్టు పెట్టకుండా పంపిస్తామా?" అంది, వెనక్కి తిరగకుండానే. పై మెట్టుకు కుంకుమ పెట్టి వచ్చి పడుకుంది.

తిరుపతి చుట్టుపక్కల పుట్టిన మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇక్కడ చెరువులు ఒకదాని కింద ఒకటి ఉండేవి. కొండల మీద కురిసిన వాన పై చెరువులోకి దిగి, అది నిండి మొరవ, అదే అలుగు, పొర్లితే కింది చెరువుకు చేరి, అలా అలా స్వర్ణముఖిలో కలిసేది. మా ఊరి చెరువును చంద్రగిరి కోటలో రాజులున్న కాలంలో తవ్వించారని తాత చెప్పేవాడు. మొరవ పారిన రోజు ఆడవాళ్లంతా తలంటు పోసుకుని కట్ట మీదికి వెళ్లి, పొర్లే నీళ్లకు పసుపుకుంకుమలిచ్చి, కొత్త రవికె గుడ్డ వదిలేవాళ్లు. వానాకాలంలో పిల్లలం లేస్తూనే తూము దగ్గరికి పరుగెత్తి, రాతిమెట్లలో ఇంకో మెట్టు మునిగిందంటే ఊరంతా వినపడేలా కేకలు పెడుతూ వచ్చేవాళ్లం.

ఆ చెరువు మీదే ఇప్పుడు మా హాలుంది.

ఊరు పట్నంలో కలిసిపోయాక కట్టను చదును చేసి రోడ్డేశారు, చెరువులో మట్టి తోలి ప్లాట్లు వేశారు. ఫ్లాట్ చూడ్డానికి వచ్చిన రోజే నేను ఇది చెరువని చెప్పాను. బ్రోకరు నవ్వాడు.

"యాడుండాదక్కా చెరువు? ఈడ నిలబడి సూడు, కొండ ఎంత బాగా కనిపిస్తాదో!"

కొండ అంత బాగా కనిపించే చోటికి కొండ నీళ్లూ వస్తాయని వాడికి తెలియదా? తెలుసు. చిత్తూరులో పుట్టి పెరిగిన మా ఆయనా వాడి పక్షమే.

"వానలే లేవు, ఇంక నిండేది యాడమే?" అన్నాడు.

మట్టి తోలినవాళ్లూ, అనుమతి కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లూ, ఆ సంతకాలు చూసి అప్పులిచ్చినవాళ్లూ, ఒక్కరంటే ఒక్కరు నీళ్లు ఎటు పోవాలని అడగలేదు. పొద్దున లేస్తూనే ఆ కొండ వైపు తిరిగి దండం పెట్టుకునేవాళ్లే అందరూ! రేపు మా ఇళ్లలోకి నీళ్లు చొరబడ్డాయని పేపర్లో రాస్తారు. చొరబడింది నీళ్లా?

వాన ఎప్పుడో ఆగింది. రేణిగుంట ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేస్తే, "వాన నిలిచిపోయింది గదా, పండుకోండి" అన్నాడు. పండుకోలేకే ఇది రాస్తూ కూర్చున్నాను. ఇప్పుడే టార్చి పట్టుకుని వెళ్లి చూసొచ్చాను. వాన ఆగినా నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి, అంటే పై చెరువు మొరవ పారుతోందన్నమాట. అమ్మ బొట్టు పెట్టిన మెట్టు మునిగింది.

అమ్మను లేపాను. బాబును భుజాన వేసుకుని పై అంతస్తు వాళ్ల తలుపు తట్టబోతున్నాను. ఒకప్పుడు మెట్టు మునిగితే కేకలు పెడుతూ ఊరంతా పరుగెత్తినదాన్ని, ఇదే చెరువులో, వాడు లేవకూడదని ఇప్పుడు చప్పుడు చేయకుండా నడవాలి.