ఉద్దికి వచ్చిన పిల్ల

మా త్రోబాల్ గ్రూపును ఎందుకు మూసేశానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఎండలు ముదిరాయని మెసేజ్ పెట్టాను. కర్నూలులో ఎండల మాట చెబితే నమ్మనివాళ్ళు ఉండరు.

దయ్యాల కథలు చాలా చదివాను. చదివి, లైటు ఆర్పి, హాయిగా నిద్రపోయేదాన్ని. పుస్తకం మూస్తే అవీ మూసుకుపోతాయనుకునే మనిషిని. ఇప్పుడు కూడా ఇది దయ్యం అని నేను అనడం లేదు. జరిగింది రాస్తున్నాను, అంతే.

నలుగురిలో నాకు నోరు పెగలదు. ఫోన్లో మాత్రం ధైర్యం. అందుకే కల్లూరులో మా చుట్టుపక్కల అమ్మాయిలకు వాట్సాప్ గ్రూపు పెట్టింది నేనే. రేపు ఎవరెవరు వస్తారని ముందు రోజు అడిగేదాన్ని. తెల్లవారి ఎండెక్కకముందే కడుతున్న కొత్త ఇళ్ళ మధ్య ఖాళీ స్థలంలో వల కట్టేవాళ్ళం. గ్రూపు లింకు ఒకరి నుంచి ఒకరికి పోయేది. కొత్త ముఖం కనిపిస్తే ఎవరి స్నేహితురాలో అనుకునేవాళ్ళం.

షబానా మా ఎదురింటి పిల్ల. ఇంటర్ చదువుతోంది. తండ్రి లేడు. వాళ్ళమ్మ బట్టలు కుట్టి పెంచుతోంది. ఆమె నన్ను పిలిచి మరీ చెప్పింది. "నువ్వుండావనే పంపిస్తాండా. నువ్వే తీసకపోయి, నువ్వే తీసకరావాల."

జట్లు పంచుకోవడానికి చిన్నప్పటి పద్ధతే పెట్టుకున్నాం. ఇద్దరిద్దరు ఉద్దులుగా, అంటే జతలుగా, పక్కకు వెళ్ళి చెరొక రహస్యం పేరు పెట్టుకుంటారు. భుజాల మీద చేతులేసుకుని వచ్చి, "జొన్నలు కావాలా, కొర్రలు కావాలా?" అని అడుగుతారు. కెప్టెన్ కోరిన పేరు ఎవరిదైతే వాళ్ళు ఆ జట్టుకు. మిగిలినవాళ్ళు అవతలి జట్టుకు. నేను ఆడను. పక్కన నిలబడి పాయింట్లు చెబుతాను.

ఒక ఆదివారం షబానాకు ఉద్ది దొరకలేదు. అప్పుడే ఆ పిల్ల వచ్చింది. సన్నగా, మామూలుగా ఉంది. ఎవరూ పిలవకుండానే షబానా పక్కన నిలబడింది. ఇద్దరూ ఇటుకల కుప్ప వెనక్కి వెళ్ళి వచ్చారు.

"మేక కావాలా, కోడి కావాలా?" అడిగింది ఆ పిల్లే.

"ఆదివారం గదమ్మే, కోడే కావాల" అంది మా కెప్టెన్ లత. అందరం నవ్వాం.

కోడి షబానా. లత వైపు వెళ్ళింది. "అయితే మేక నాది" అంటూ ఆ పిల్ల అవతలికి నడిచింది. ఆటలో అదేమంత వింత మాట కాదు.

ఆ సాయంత్రం షబానా వాళ్ళ మేక చచ్చిపోయింది. ప్లాస్టిక్ కవర్లు తినుంటుందన్నారు. మా వైపు అది కొత్తేమీ కాదు.

తర్వాతి వారం మళ్ళీ ఒకరు తగ్గారు. మళ్ళీ ఆ పిల్ల వచ్చింది.

"కన్ను కావాలా, చెయ్యి కావాలా?"

"కన్నే కావాలప్పా! లేకుంటే బాలు యాడ కనపడతాది?" అంది లత.

"అయితే చెయ్యి నాది."

మధ్యాహ్నం షబానా వాళ్ళమ్మ బండల మెట్ల మీద జారిపడింది. కుడిచెయ్యి విరిగింది. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేశారు.

మరునాడు షబానా మా మిద్దె మీదికి వచ్చింది. "అక్కా, ఆ పేర్లు నేను పెట్టినవి గావు. రెండూ ఆ పిల్లే పెడతాంది. నేను మబ్బు, ఎండ అంటే ఇనలేదు."

గ్రూపులో అడిగాను. ఆ పిల్ల ఎవరో ఎవరికీ తెలియదు. షబానాతో వచ్చిందనుకున్నామని అందరూ ఒకే మాట రాశారు.

ఇక ఆటకు రావద్దన్నాను. షబానా ఒప్పుకోలేదు. "నేను రాకుంటే ఇంటికొస్తాదేమోక్కా" అంది. చివరికి ఇద్దరం ఒక మాట అనుకున్నాం. ఈసారి పేర్లు తనే చెప్పాలి, బంతి, వల అని. కెప్టెన్‌గా నేను నిలబడాలి.

"అబ్బో! ఈ పొద్దు మేడమ్ నోరు తెరుస్తాదంట!" అని ఆ ఆదివారం లత ఆట పట్టించింది.

షబానా, ఆ పిల్ల ఇటుకల వెనక నుంచి వచ్చారు. షబానా ముఖంలో నెత్తురు లేదు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల చెయ్యి ఆమె భుజం మీద ఉంది.

"షబానా కావాలా, షబానా వాళ్ళమ్మ కావాలా?"

"ఇవేం పేర్లమ్మే? మనుషుల పేర్లు పెడతారా ఎవరన్నా?" అంది లత. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అందరూ నా నోటివైపు చూస్తున్నారు.

"రెండూ వద్దు. ఈ పొద్దు ఆట లేదు" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆ పిల్ల చెయ్యి తీసేసి, షబానాను లతతో ఇంటికి పంపించాను.

ఇది జరిగి కొన్ని నెలలైంది. తల్లీకూతుళ్ళు ఇప్పుడు రాయచోటిలో మేనమామ దగ్గర ఉన్నారు. బాగానే ఉన్నారు. మేకకు, మెట్లకు కారణాలు ఉన్నాయి. ఆ పిల్ల కొత్త ఇళ్ళ పనివాళ్ళ కూతురై ఉండొచ్చు, వేళాకోళం ఆడి ఉండొచ్చు. అక్కడ పనిచేసేవాళ్ళను అడిగాను. అలాంటి పిల్లెవరూ లేరన్నారు. ఇంతకు మించి నాకు ఏమీ తెలియదు.

రోజూ పొద్దున్నే షబానాకు మెసేజ్ పెడతాను. "ఇద్దరం బాగుండామక్కా" అని జవాబు వచ్చేదాకా నాకు ఏ పనీ సాగదు. ఏదీ కోరుకోకుండా నేను ఆట ఆపేశాను కాబట్టి పీడ వదిలిందని షబానా నమ్మకం. నేను కాదనలేదు.

కానీ ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక వల విప్పుతున్నాను. అవతలి కొస ఆ పిల్ల విప్పింది. మడత మీద మడత పెట్టుకుంటూ నా దాకా వచ్చింది. వల నా చేతిలో పెట్టి, ఎంతో మర్యాదగా అంది.

"రెండూ వద్దంటివి గదక్కా. అయితే రెండూ నావే."