పంతొమ్మిది ముడుల తాడు

మొన్న శనివారం మా అమ్మాయి భోజనాల బల్ల మీద పెద్ద తెల్ల అట్ట ఒకటి పరిచి, దాని మీద స్కేలు పెట్టి ఎనిమిది గీతలు గీసి, ఏడు గీతల మీద ఏడుగురి వివరాలు రాసి, ఎనిమిదో గీత దగ్గర పెన్ను మూత కొరుకుతూ కూర్చుంది. పదో తరగతి. వాళ్ళ స్కూల్లో రెండో ప్రపంచయుద్ధం పాఠం నడుస్తోంది. ఒక్కొక్కరు ఒక యుద్ధాన్నో, ఒక ఘోరాన్నో తీసుకుని అట్ట తయారుచేసి, శుక్రవారం హాల్లో దాని పక్కన నిలబడి వచ్చినవాళ్ళకి వివరించాలట. స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ, నాన్‌కింగ్, హిరోషిమా అన్నీ మిగతా పిల్లలు పంచేసుకున్నారు. మా అమ్మాయి మాత్రం పుస్తకం చివరి పట్టికలో లేనిది చెప్తానని టీచర్‌ని ఒప్పించి వచ్చింది. జపాన్‌వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక, బర్మా నుంచి మన దేశానికి కాలినడకన వచ్చిన లక్షలమంది సంగతి. అందులో మా తాత ఒకడు.

"నాన్నా, ట్వెంటీ సెవెన్ పీపుల్ స్టార్ట్ అయ్యారు, నైన్‌టీన్ రీచ్ అయ్యారు అన్నావ్ కదా? సో ఎయిట్. కానీ నువ్వు చెప్పింది సెవెనే."

"ఎనిమిదే చెప్పుంటాను. మళ్ళీ లెక్కపెట్టు."

"త్రీ టైమ్స్ కౌంట్ చేశా. నువ్వే చెయ్."

చేశాను. ఏడే.

ఈ ఒక్కటి తేడా వస్తే నాకు అన్నం ఎందుకు సయించలేదో చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పుకోవాలి. నేను డిగ్రీ పూర్తిచేసినవాణ్ణి కాను. మా ఆవిడ ఉద్యోగం వెనకాల అమెరికా వచ్చినవాణ్ణి. ఆష్‌బర్న్‌లో ఏ తెలుగువాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్ళినా మగవాళ్ళందరూ క్లౌడ్ గురించో గ్రీన్‌కార్డు గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. నా వంతు వచ్చి "మీరేం చేస్తారండీ?" అని అడిగితే, "షాంటిలీలో ఒక గోడౌన్లో డబ్బాలు లెక్కపెడతాను" అంటాను. పాపం, ఎవరో ఒకరు పెరుగు గిన్నె నా వైపు జరుపుతారు. కానీ ఆ పని నాకు ఇష్టం. కంప్యూటర్ ఒక అంకె చెప్తుంది, డబ్బాలున్న అర ఇంకో అంకె చెప్తుంది, ఆ రెంటికీ మధ్య నిలబడి నిజం చెప్పేవాడు ఒకడు కావాలి. తెలిసినవాళ్ళ పిల్లలు నన్ను కౌంటింగ్ అంకుల్ అంటారు. మా ఊళ్ళో కిటికీలు లేని డేటా సెంటర్ల భవనాల మధ్య నుంచి రోజూ డ్రైవ్ చేస్తూ వాటిని కూడా లెక్కపెడతాను. నెలకొకటి పెరుగుతూ ఉంటుంది.

ఈ లెక్కల పిచ్చి నాకు ఏ బళ్ళోనూ అంటలేదు, మా తాత దగ్గర అంటింది. ఆయన రంగూన్‌లో ఒక బియ్యం మిల్లులో కూలీల మీద మేస్త్రీ. పడవలోకి వెళ్ళే బస్తాలకి లెక్క చూసేవాడు. అక్షరం ముక్క రాదు. అందుకని తాడుకి ముడులు వేసేవాడు. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆయన ఆ పనంతా మానేసి, మా ఊళ్ళో అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చునే ముసలాయన. ఇంట్లో ఏ వస్తువు వచ్చినా నా చేత లెక్కపెట్టించేవాడు. ఒకసారి కొబ్బరికాయలు లెక్కపెడుతూ, ఒకటి గట్టు కిందికి దొర్లిపోతే "పోయింది తాతా" అని నలభై కాస్తా ముప్పై తొమ్మిది అన్నాను. మొట్టికాయ వేశాడు. "పోయిందని నీకెవులు సెప్పినారు? ఎల్లి సూసినావేటి? కంటితో సూడకుండా లెక్కలోంచి ఒక్కటి కూడా తియ్యకూడదురా మనవడా" అన్నాడు. వెళ్ళి చూశాను. కాయ గట్టు కింద తుప్పల్లో నిక్షేపంగా ఉంది. నేను గోడౌన్లో ఇప్పటికీ పాటించే నియమం అదొక్కటే. అర వెనక పడిపోయిన డబ్బా కోసం ఈ వయసులోనూ బోర్లా పడుకుని టార్చి వేసి చూస్తాను.

ఇక ఆయన నడక. రంగూన్ నుంచి ఉత్తరానికి రైలు దొరికినంత దూరం రైలు, పడవ దొరికినంత దూరం పడవ, ఆ పైన కొండల మీద ముప్పై ఒక్క రోజులు కాలినడక. మణిపూర్ దాటి రైలు అందుకున్నారు. ఆ కొండల్లో తెల్లవాళ్ళకి నీళ్ళూ నీడా ఉన్న దారి, మనవాళ్ళకి వేరే దారి. ఓడల్లో చోటు ఎవరికి దొరికిందో చెప్పనక్కరలేదు. ఈ ముక్క దగ్గర మా తాతకి ఎన్నేళ్ళయినా గొంతు వణికేది. "దొరలు మమ్మల్ని ఒగ్గీసి ఎలిపోనారు. పానాలతో ఒగ్గీసి ఎలిపోనారు" అనేవాడు, బతికున్న మనుషుల్ని వదిలేసి పోయారని. ఇంటికి చేరేటప్పటికి విశాఖపట్నం మీద కూడా బాంబులు పడి ఊరు సగం ఖాళీగా ఉందట. "బాంబులు మాకంటే ముందే ఇంటికొచ్చీసినాయి" అని తనే నవ్వేవాడు.

బయలుదేరినవాళ్ళు ఇరవై ఏడుగురు. మేస్త్రీ కనుక లెక్క ఆయన చేతిలో ఉండేది. తాడుకి ఇరవై ఏడు ముడులు. రోజూ సాయంత్రం నడక ఆపగానే అందరినీ వరసన కూర్చోబెట్టి, ఒక్కొక్క ముడి వేళ్ళతో తడుముతూ లెక్కపెట్టేవాడు. ఎవరైనా పోతే ఒక ముడి విప్పేవాడు. చేరేటప్పటికి పంతొమ్మిది ముడులు మిగిలాయి. పోయినవాళ్ళని ఎప్పుడూ ఒకే వరసలో చెప్పేవాడు. మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసిన అన్నదమ్ములిద్దరు, కలరా. మంగలి, కాలుజారి లోయలో. అతని తల్లి, కొడుకు పోయిన మర్నాడు. గోనెసంచులు కుట్టే ముసలాయన, నిద్రలో. పసిపిల్లలు ఇద్దరు, పాలు లేక. అక్కడికి వచ్చేసరికి చుట్ట ఆరిపోయేది. అగ్గిపుల్ల గీసి, రెండు చేతులూ అడ్డం పెట్టి, చాలాసేపు వెలిగించేవాడు. అది కథ అయిపోయిన గుర్తు అనుకునేవాణ్ణి నేను. ఎన్నో వేసవులు, ఎన్నో సార్లు విన్నాను. ఒక్కసారి కూడా కూడలేదు. ఆయన చెప్పాడంటే అది సరిచూసిన లెక్కే కదా.

ఆయన పోయాక ఆ తాడు అడిగి తెచ్చుకున్నాను. వీసా ఇంటర్వ్యూకి జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఇన్నేళ్ళూ గోడౌన్లో నా సొరుగులో ఉంది. విప్పిన చోట్ల ఇప్పటికీ నార వంకర తిరిగే ఉంటుంది.

ఆదివారం పొద్దున తాడు జేబులో వేసుకుని, అమ్మాయిని తీసుకుని పెద్దత్త దగ్గరికి వెళ్ళాను. పెద్దత్త మా నాన్నకి అక్క. మా తాత మొదటి భార్య కూతురు. ఆవిడ తల్లి రంగూన్ బజారులో బాంబు పడి పోయిందనీ, తాత ఆరేళ్ళ పిల్లని భుజాన వేసుకుని నడిచాడనీ, ఇక్కడికి వచ్చాక మా నాయనమ్మని చేసుకున్నాడనీ మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. ఏటా ఆ బాంబులు పడిన రోజున ఆవిడ పేరు చెప్పి ఒక విస్తరి వేసేవారు. పెద్దత్తకి ఇప్పుడు తొంభై. మా ఇంటికి పది నిమిషాల దూరంలో కొడుకు దగ్గర ఉంటోంది. మేం వెళ్ళేసరికి కిటికీ దగ్గర కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. నడక కథలో ఆ ఏడుగురి వరస మొదలవగానే ఆవిడ ఎప్పుడూ మంచినీళ్ళకని లేచి లోపలికి వెళ్ళేదన్న సంగతి, ఆవిణ్ణి చూడగానే మొట్టమొదటిసారి గుర్తుకొచ్చింది.

తాడు ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"ఇది నీకాడుందేటి!" అంది.

"పెద్దత్తా, తాత చెప్పినవాళ్ళు ఏడుగురే తేలుతున్నారు. ఎనిమిదో మనిషి ఎవరు?"

ఆవిడ చేతిలో కాడ ఆకంతా తుంచి పక్కన పెట్టింది. "ఇన్నాళ్ళకి కూడినావేటిరా? ఊరంతా నిన్ను లెక్కలోడు, లెక్కలోడు అంటాది."

"నేను కాదు. ఇది కూడింది" అని మా అమ్మాయిని చూపించాను.

"అదే అనుకున్నాను" అంది. చేతులు తుడుచుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలుతో తాడు వెంబడి నెమ్మదిగా వెళ్ళింది. ఒక ముడి, ఇంకో ముడి, మధ్యలో వంకర తిరిగిన ఖాళీ చోటు. అక్కడ ఆగింది.

"ఇదిగో. ఇదే మా అమ్మ."

"మీ అమ్మ రంగూన్‌లో కదా..."

"అలగని సెప్పమన్నాడు మా నాన. ఎవులడిగినా బాంబు అని సెప్పమన్నాడు. సెప్పినాను."

కొండ ఎక్కుతుండగా వాళ్ళమ్మకి జ్వరం వచ్చిందట. రెండు రోజులు పట్టుకుని నడిపించారట. మూడో రోజు మిట్టమధ్యాహ్నం కూర్చుండిపోయింది. వెనకాల వచ్చే గుంపుతో వస్తుందిలే అని తాత ఆవిడ చీర కొంగునే రెండు కొమ్మలకి కట్టి నీడ చేసి, ఒక డబ్బాతో నీళ్ళు, గుప్పెడు వేయించిన బియ్యం దగ్గర పెట్టి, పిల్లని భుజాల మీదికి ఎత్తుకుని బయలుదేరాడు.

"నాను నాన భుజాల మీద ఉన్నాను. ఎనక్కి తిరిగి సూస్తన్నాను. అమ్మ కనిపిస్తానే ఉంది. నాన సేతులు నా కాళ్ళకాడ ఉన్నాయి. ఆ సేతుల్లో తాడుంది. ముడి ఇప్పుతున్నాడు."

"బతికుండగానా?"

"కూకొనుందని సెప్తన్నాను కదరా. సచ్చినోళ్ళు కూకుంటారేటి?"

మా అమ్మాయికి ఈ యాస సగమే అర్థమవుతుంది. అయినా అర్థమైంది. "మామ్మా, వెనక వచ్చినవాళ్ళు... ఎవరైనా ఆవిణ్ణి చూశారా?"

"రైలుకాడ రెండు రోజులు కూకున్నాం అమ్మడూ. వచ్చినోళ్ళందర్నీ అడిగినాను. నాన అడగనేదు."

నేను ఆ గదిలో కూర్చుని చేసిన పని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. తాత తరఫున లెక్కలు వేశాను. ఆరేళ్ళ పిల్ల బరువెంత, జ్వరంతో ఉన్న మనిషి బరువెంత, ఆ ఎత్తున ఒక మనిషి ఎంత మొయ్యగలడు, ఆగిపోతే మిగతావాళ్ళకి తిండి ఎన్నాళ్ళు వస్తుంది. అన్నీ ఆయన పక్షానే తేలాయి. ఇద్దర్నీ మొయ్యలేడు, అది నిజం. కానీ ముడి? ముడికి బరువు ఉండదు. అది అలా ఉంచుకుని నడిస్తే ఆయనకి పోయేదేమీ లేదు. కొబ్బరికాయ కోసం నన్ను తుప్పల్లోకి పంపిన మనిషి, తన భార్యని కంటికి కనబడుతుండగానే లెక్కలోంచి తీసేశాడు. తీసేసి, నలభై ఏళ్ళ తరవాత నా నెత్తి మీద మొట్టి, ఆ నియమం నాకు నేర్పాడు. నేను దాని మీద నా బతుకంతా కట్టుకున్నాను. దొరలు ఒగ్గీసి ఎలిపోనారని ఆయన గొంతు వణికినప్పుడల్లా నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆ మాట ఆయన ఎవరిని తలుచుకుని అనేవాడో ఇప్పుడు నాకు తెలియదు. ఒకటి మాత్రం తెలిసింది. పోయినవాళ్ళ వరసలోంచి పేరు తీసెయ్యగలిగాడు, చావు మార్చగలిగాడు, విస్తరి వేసే రోజు మార్చగలిగాడు. ఇరవై ఏడుని ఇరవై ఆరు చెయ్యలేకపోయాడు. మేస్త్రీ కదా. ఆ అంకె మాత్రం నిజమే చెప్పి, నా ఎదుటే పెట్టి, నేను కూడనని ధైర్యంగా చుట్ట వెలిగించుకున్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదు పెద్దత్తా, ఇన్నేళ్ళూ?"

"నన్ను మోసుకొచ్చినాడు కదరా" అంది. "అందుకు సెప్పనేదు. మోసినందుకు. ఆ ముడి ఇప్పినందుకు మాత్తరం నాను..." అని, వాక్యం వదిలేసి, తాడు నా చేతికి ఇచ్చింది. "ముడెయ్యి."

"ఏమిటి?"

"ఆడ ముడెయ్యి. మా అమ్మ సచ్చిపోయిందని ఎవులు సూసినారు?"

పాత నార. గట్టిగా లాగితే తెగుతుందేమోనని భయం. వంకర తిరిగిన చోటే మళ్ళీ తిప్పి, మెల్లిగా బిగించాను. అది ఆ మెలిక కోసమే ఎదురుచూస్తున్నట్టు ఇట్టే పడింది. పెద్దత్త మొదటి నుంచి చివరిదాకా తడిమింది. ఇరవై. తాడు మాత్రం తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు. దాన్ని మళ్ళీ నా సొరుగులో పెట్టుకోగలనని నాకూ అనిపించలేదు.

"మామ్మా, మీ అమ్మగారి పేరు?" అని మా అమ్మాయి అడిగింది.

ఆ పేరు మా ఇంట్లో విస్తరి ముందు ఏడాదికి ఒకసారి గొణిగేవారు. ఆవిడ నోటినుంచి నేను వినడం అదే మొదటిసారి. "పైడమ్మ" అంది, వీధి చివరి మనిషిని పిలిచినంత గట్టిగా.

శుక్రవారం సెలవు పెట్టి స్కూలుకి వెళ్ళాను. ఒక పక్క స్టాలిన్‌గ్రాడ్, ఇంకో పక్క హిరోషిమా, మధ్యలో మా అట్ట. తెల్లపిల్లల తల్లిదండ్రులు ఆగి చదువుతున్నారు. ఏడు గీతల మీదా ఎవరు, ఎలా, ఎన్నో రోజున అని ఉంది. ఎనిమిదో గీత మీద పైడమ్మ అని తెలుగులో, కింద ఇంగ్లీషులో రాసింది. పక్కన ఏమీ లేదు. ఒక పెద్దాయన ఆ ఖాళీ చోటు మీద వేలు పెట్టి, రాయడం మరిచిపోయావా అని అడిగాడు. లేదండీ, ఎవరూ చూడలేదు, అందుకని రాయలేదు అని చెప్పింది మా అమ్మాయి.

ఆ ఖాళీ నింపాలని నా చెయ్యి ఇప్పటికీ లాగుతుంది. డబ్బాడు నీళ్ళు, గుప్పెడు బియ్యం, అంత జ్వరం. ఎన్ని రోజులో నేను వెయ్యగలను ఆ లెక్క. మొదలుపెట్టి ఆపేస్తాను. తాత ఎప్పుడూ సాయంత్రం అయ్యాకే మనుషుల్ని లెక్కపెట్టేవాడు. ఆ ఒక్కరోజే పొద్దుండగా లెక్క ముగించాడు. ఎనభై ఏళ్ళు దాటాయి, ఆ కొండ మీద చీర నీడలో కూర్చున్న మనిషికి ఇంకా పొద్దు వాలలేదు.